ఎవరి కోసం ఈ రంగు?

ప్రతి నెలా రెండో శనివారం పొద్దున మా అమ్మ తలకి రంగు వేసుకుంటుంది. చిలకలగూడలో మేముండే ఇంటి వెనక చిన్న అరుగుంది. పాత నైటీ వేసుకుని, మెడ చుట్టూ చిరిగిన తువ్వాలు చుట్టుకుని, గోడకి ఆనించిన అద్దం ముందు కూర్చుంటుంది. ఐస్‌క్రీమ్ డబ్బా మూతలో రంగు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పాపిట దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. ముప్ఫై అయిదు దాటకముందే నెరవడం మా అమ్మమ్మ వైపు వస్తున్న ఆస్తి. నాన్న ఉన్నన్నాళ్లూ అమ్మ రంగు వేసుకోవడాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మూతలో మిగిలిన రంగు నాన్న మీసాలకి పోయేది, అంతే.

2008లో నాన్న ఉద్యోగంలో ఉండగానే గుండెపోటుతో పోయారు. అమ్మకప్పుడు నలభై, నాకు ఇరవై. ఏడాది తిరిగేసరికి కారుణ్య నియామకం కింద అమ్మకి ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలనగా శనివారం పొద్దున, ఏడాదిగా ముట్టుకోని రంగు పొట్లం తీసింది. అప్పుడు మా మేనత్త ఇంట్లోనే ఉంది. వాకిట్లో బియ్యం ఏరుతూ తలెత్తి చూసి, "ఎవరి కోసం వదినా ఇప్పుడు ఈ రంగులు?" అంది.

మా అత్త చెడ్డ మనిషి కాదు. నాన్న పోయాక మా ఇంట్లో నాలుగు నెలలు పొయ్యి వెలిగించింది ఆవిడే. ఆ గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. నిజంగానే ఆవిడకి అర్థం కాలేదు. అమ్మ జవాబు చెప్పలేదు. చేతిలో బ్రష్ కూడా ఆగలేదు.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పైకి చూస్తే చాలా చిన్న ప్రశ్న. కానీ అందులో ఒక మొత్తం తర్కం దాగి ఉంది. ఆడదాని తల ఆమెది కాదు, అది ఎవరో ఒకరి కోసం ఉంటుంది. ఆ 'ఎవరో' పోయాక ఇక ఆ తలకి అవసరం ఏముంది?

ఈ తర్కానికి మన దగ్గర పాత చరిత్రే ఉంది. భర్త పోయిన స్త్రీకి గుండు చేయించడం కొన్ని కులాల్లో ఆచారంగా సాగిన రోజుల్లో ఆ గుండు చెప్పిన మాట ఇదే. వితంతు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. 1897లో 'కన్యాశుల్కం' అచ్చయింది. ఇవన్నీ మనం తరగతి గదుల్లో పాఠాలుగా చెప్పుకునేవే. మా కులంలో గుండు ఆచారం లేదు. గాజులు, మెట్టెలు, బొట్టు తీసే తంతు మాత్రం ఉంది. అమ్మకీ జరిగింది. మంగలికత్తి పోయింది సరే, దాని వెనకనున్న ప్రశ్న ఎక్కడికి పోయింది? అది మా వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చుంది.

విచిత్రమేమిటంటే అదే 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియాకి మందు తయారు చేయబోయి, తారు నుంచి వచ్చే అనిలిన్‌లో ఊదారంగుని కనిపెట్టాడు. ఇవ్వాళ మన పొట్లాల్లో ఉన్న నలుపు రంగు ఆ అనిలిన్ రసాయనాల కుటుంబం లోనిదే. ఒకే సంవత్సరం ఒక చోట చట్టం వితంతువుకి మళ్లీ పెళ్లాడే హక్కిచ్చింది, ఇంకొక చోట ఆమె తల మళ్లీ నల్లబడే దారి మొదలైంది. రెండింటికీ సంబంధం లేదు. అయినా మా అమ్మ విషయంలో రెండోదే ఎక్కువ పనికొచ్చిందని ఒప్పుకోవాలి.

భాష సంగతి చూడండి. 'తలపండిన' అనే మాట మనం ఎవరికి వాడతాం? తలపండిన రాజకీయవేత్త, తలపండిన పండితుడు, తలపండిన లాయరు. మగవాడి తల పండుతుంది. ఆడదాని తల ముగ్గుబుట్టవుతుంది. పండటంలో రుచి ఉంది, ముగ్గుబుట్టలో ఉన్నది తెల్లదనం మాత్రమే. సూసన్ సొంటాగ్ 1972లో రాసిన ఒక వ్యాసంలో వయసు మగవాళ్లకొక రకంగా, ఆడవాళ్లకొక రకంగా లెక్కకి రావడాన్ని చర్చించింది. ఆ సంగతి తెలియడానికి మనకి సొంటాగ్ దాకా వెళ్లక్కర్లేదు, మన నిఘంటువు చాలు.

ఇక నా సంగతి. ముప్ఫై ఒకటో ఏట, పిహెచ్‌డి చివరి అధ్యాయం రాస్తున్నప్పుడు, నా తలలో కూడా అమ్మమ్మ ఆస్తి బయటపడింది. నేను రంగు వెయ్యకూడదని నిర్ణయించుకున్నాను. అప్పటికి స్త్రీవాదం చదివాను, సౌందర్య సాధనాల మార్కెట్ మీద సెమినార్లో పేపర్ కూడా చదివాను. నా తెల్ల వెంట్రుకల్ని చూసి స్నేహితులు "ఎంత ధైర్యమే నీకు" అనేవాళ్లు. ఆ మాట వినడం నాకు నచ్చేది. అందంగా ఉన్నావంటే పొంగిపోవడం తప్పని రాసిన నేను, ధైర్యంగా ఉన్నావంటే పొంగిపోతున్నానని చాలా ఆలస్యంగా గమనించాను.

ఒక రెండో శనివారం అమ్మని కూర్చోబెట్టి చెప్పాను. ఇంకా ఎందుకమ్మా ఈ రంగు, వయసుని దాచుకోవాల్సిన ఖర్మ మనకేంటి, మగవాళ్ల కళ్లతో మనల్ని మనం చూసుకోవడం మానెయ్యాలి కదా. చివర్న, "అసలు ఎవరి కోసమమ్మా?" అన్నాను.

నోట్లోంచి వచ్చాక గాని ఆ మాట నాకు వినపడలేదు. అత్త వాకిట్లో కూర్చుని అడిగిన ప్రశ్ననే నేను సిద్ధాంతంలో చుట్టి అడిగాను. ఆవిడ భర్త లేడు కనక వద్దంది. నేను భర్తలు ముఖ్యం కాదు కనక వద్దన్నాను. ఇద్దరం కలిసి అమ్మ తలని ఆమె చేతుల్లోంచి లాక్కుంటున్నాం.

ఈసారి అమ్మ జవాబు చెప్పింది. "నీకేం బిడ్డా, నీ తెల్లెంటికలు చూస్తే మందికి నీ చదువు యాదికొస్తది. నా తెల్లెంటికలు చూస్తే మీ నాయిన పోయిండన్నదే యాదికొస్తది. పొద్దుగాల ఆఫీసుకి వోతే ఎవలూ అయ్యో అనొద్దు నాకు. గంతే."

దాని మీద నేను చాలా రోజులు ఆలోచించాను. మా అమ్మ దాచుకుంటున్నది వయసుని కాదు. తన మీదకొచ్చే జాలిని. నెరిసిన తల మగవాడికి అనుభవానికి గుర్తు, నాలాంటి చదువుకున్న దానికి తిరుగుబాటుకి గుర్తు, మా అమ్మకి వైధవ్యానికి గుర్తు. ఒకే వెంట్రుకకి మూడు అర్థాలు. ఏ అర్థం ఎవరి నెత్తిన పడుతుందో తేల్చేది ఆ తల ఉన్న మనిషి కాదు, చూసేవాళ్లు. అలాంటప్పుడు ఎలా కనపడాలో కొంచెం తనే నిర్ణయించుకుంటానని ఆమె అంటే, దాన్ని లొంగిపోవడం అనగలమా?

"ఎంతైనా అది అబద్ధమే కదా" అనేవాళ్లున్నారు. నైతికంగా ఈ వాదాన్ని సీరియస్‌గానే తీసుకోవాలి. నిజం తెలుసుకునే హక్కున్న మనిషికి దాన్ని అందకుండా చెయ్యడం అబద్ధం. మరి ఒక స్త్రీ వెంట్రుకలు ఎప్పుడు నెరిశాయో తెలుసుకునే హక్కు ఎవరికుంది? బస్సులో పక్క సీటు ఆవిడకా, ఆఫీసులో పై అధికారికా, పెళ్లిలో ఎదురైన దూరపు చుట్టానికా? వయసు అవసరమైన చోట మా అమ్మ దాన్ని దాచలేదు. సర్వీసు రిజిస్టర్లో పుట్టిన తేదీ ఉంది. నిజం చెప్పాల్సిన బాధ్యత లేని చోట మౌనంగా ఉండటం అబద్ధం కాదు. రంగు కూడా ఒక రకం మౌనమే.

అయితే "నా తల, నా ఇష్టం" అన్న దగ్గర చర్చ ముగిసిపోతుందని కూడా నేననుకోను. మనం వేసుకునే ప్రతి పొట్లం పక్కవాళ్ల మీద కూడా పడుతుంది. ఆఫీసులో పదిమంది ఆడవాళ్లలో తొమ్మిదిమంది తలలు నల్లగా ఉంటే, పదో ఆవిడ తెల్ల జుట్టు సహజంగా కనపడదు, నిర్లక్ష్యంగా కనపడుతుంది. మనందరి చిన్న చిన్న ఇష్టాలు కలిసి ఇంకొకరికి ఒత్తిడవుతాయి. ఇది నిజమైన నష్టమే. కాకపోతే ఆ నష్టాన్ని పూడ్చే బాధ్యత అందరిదీ సమానం కాదు. తెల్ల జుట్టుతో తిరిగినా పెద్దగా పోయేదేమీ లేని నాలాంటి వాళ్లు ముందు తిరగాలి. పోయేది ఎక్కువున్న వాళ్లని ముందుకి తోసి, వాళ్లు రాలేదని నిందించడం ఉద్యమం కాదు. నేను రంగు వేసుకోకపోవడానికి ఇప్పటికీ నాకున్న కారణం ఇదొక్కటే. ధైర్యం అన్న మాట తీసేశాను.

స్త్రీల జుట్టు మీద తీర్పు చెప్పేవాళ్లు ఎంత దూరాన ఉంటారో తల్చుకుంటే ఆశ్చర్యమేస్తుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాల్ని దేవస్థానం వేలం వేస్తుంది. పొడుగాటి వెంట్రుకలకి ఎక్కువ ధర, అంటే ఎక్కువగా ఆడవాళ్లవి. ఆ నల్ల జుట్టుని మందుల్లో వేసి రంగు విరగ్గొట్టి, గోధుమ రంగో బంగారు రంగో పట్టించి, విగ్గులు చేసి విదేశాల్లో అమ్ముతారు. పెళ్లయ్యాక సొంత జుట్టుని కప్పుకునే సంప్రదాయ యూదు స్త్రీలు వాటిని కొనేవాళ్లు. 2004లో జెరూసలెంలో ఒక పెద్ద రబ్బై, వేరే మతపు దేవుడికి అర్పించిన జుట్టు కనక ఆ విగ్గులు నిషిద్ధమని తేల్చారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో విగ్గుల్ని వీధిలో పోసి తగలబెట్టారు. మన పల్లెటూరి ఆడమనిషి మొక్కు తీర్చుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆమె వెంట్రుక మాత్రం సముద్రాలు దాటాక కూడా మగవాళ్ల ధర్మశాస్త్రం నుంచి తప్పించుకోలేదు.

ఇదంతా అర్థాల గొడవ. జుట్టుకి అర్థాలే కాదు, చర్మం కూడా ఉంటుందని నాకు 2019లో తెలిసొచ్చింది.

ఆ ఏడు ఒక ఆదివారం పొద్దున లేచేసరికి అమ్మ కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. చెవుల వెనక, నుదుటి అంచున ఎర్రగా దద్దుర్లు, నీరు కారుతున్నాయి. డాక్టరు చూడగానే "రంగు వేశారా నిన్న?" అన్నాడు. ఇన్నేళ్లుగా వేస్తున్నదే కదా, ఎప్పుడూ ఏం కాలేదే అని అమ్మ ఆశ్చర్యం. అక్కడే పొరపాటు. నల్ల రంగుల్లో సాధారణంగా ఉండేది పారాఫినిలీన్ డయమీన్, పొట్టిగా పిపిడి. దీనికి ఎలర్జీ మొదటిరోజే రావాలని లేదు. పదేళ్లు పడ్డది పదకొండో ఏట పడకపోవచ్చు. ఒకసారి వచ్చిందంటే ఇక సాధారణంగా పోదు, మళ్లీ తగిలితే ఇంకా గట్టిగా రావచ్చు. అందుకే వేసిన ప్రతిసారీ ముందుగా చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్క రాసి రెండు రోజులు చూడమంటారు. పొట్లం మీద ఈ హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ఉండాలని మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనలు ఎప్పుడో చెప్పాయి. కనుబొమలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చన్న మాట కూడా ఆ హెచ్చరికలోనిదే. అగ్గిపెట్టెడంత పొట్లం మీద ఆ అక్షరాలు ఎంత ఉంటాయో మీరే ఊహించండి. నలభై దాటి చత్వారం వచ్చిన ఆడవాళ్లు వాడే సరుకు అది.

వాపు తగ్గాక అమ్మ ఏం చేసిందో తెలుసా? నాకు చెప్పకుండా, ముందు ఎలర్జీ మాత్ర ఒకటి వేసుకుని, మళ్లీ అదే రంగు వేసుకుంది. మాత్ర ఎలర్జీని ఆపదు, కాసేపు కప్పిపెడుతుంది, అంతే. ఈసారి కోపమొచ్చింది గానీ ఉపన్యాసమివ్వలేదు. ఆమెకి కావలసింది అందకుండా చెయ్యడం కంటే, ప్రమాదం లేకుండా అందే దారి వెతకడం నా పని అనిపించింది. పరిశోధన చేసినదాన్ని, ఈ మాత్రం చదవలేనా?

చదివాను. వెంట్రుక పైపొర గూనపెంకుల ఇంటికప్పులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. అమోనియా ఆ పెంకుల్ని లేపుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలున్న అసలు రంగుని విరగ్గొట్టి, పిపిడి చిన్న అణువుల్ని కలిపి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. అవి మళ్లీ బయటికి రాలేక లోపలే ఇరుక్కుంటాయి. అందుకే కడిగినా పోదు. లేచిన పెంకులు పూర్తిగా మూసుకోవు కనక జుట్టు పీచులా తయారవుతుంది. 'అమోనియా లేదు' అని పెద్దక్షరాల్లో రాసిన డబ్బాలో వేరే క్షారం ఉంటుంది, పిపిడి కూడా ఉండొచ్చు. 'నల్ల హెన్నా' అని అమ్మేదాంట్లో కూడా చాలాసార్లు నల్లదనం దానిదే. గోరింటాకు ఒక్కటే అయితే ఎర్రగా పండుతుంది తప్ప నల్లగా ఎక్కడా పండదు. మన ఆషాఢ మాసం చేతులు చూసుకుంటే తెలిసే విషయమే ఇది.

చివరికి అమ్మా నేనూ ఒక దారికొచ్చాం. ముందు గోరింటాకు పొడి, కడిగాక నీలి ఆకు పొడి. అట్ట మీద అందులో ఏమేం కలిపారో పూర్తిగా చదివి, అయినా ముందు చర్మం మీద చుక్క రాసి చూసి, అప్పుడు మొదలుపెట్టాం. ఒకప్పుడు కడప, నెల్లూరు జిల్లాల్లో సాగైన నీలి పంటని, 1897లో జర్మనీ నుంచి వచ్చిన కృత్రిమ నీలిమందు దెబ్బతీసింది. ఆ ఆకే ఇప్పుడు పొడిగా మారి మా అరుగు మీదకొచ్చింది. దీనికి నాలుగు గంటలు పడుతుంది. కాటుక నలుపు రాదు, గోధుమ కలిసిన నలుపొస్తుంది. అమ్మ మొదట్లో గొణిగింది, తర్వాత ఒప్పుకుంది.

మిగతాదంతా జాగ్రత్తే. వెంట్రుక తల దాటి బయటికొచ్చాక దానికి ప్రాణం లేదు, దెబ్బతింటే తనంతట తాను మానదు. చెయ్యగలిగింది కాపాడుకోవడమే. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కనక ప్రతిసారీ కుదుళ్ల దగ్గర మాత్రమే వేస్తే చాలు, కొసల దాకా పులమక్కర్లేదు. వేసిన రెండు రోజుల దాకా తలంటుకోకుండా ఉంటే రంగు నిలుస్తుంది. మరిగే నీళ్లు వద్దు, గోరువెచ్చన చాలు. మా బోరునీళ్లు ఉప్పన, అందుకని చివరి చెంబు మంజీరా నీళ్లు. నానబెట్టిన మెంతుల ముద్ద, మందారాకు జిగురు వెంట్రుకని మెత్తబరుస్తాయి. అవి నెరిసినదాన్ని నల్లబరుస్తాయని మాత్రం నమ్మొద్దు. కుంకుడురసం కంటే కండిషనర్ వాడినప్పుడే చిక్కు తక్కువని అమ్మే తేల్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది అమ్మాకూతుళ్ల కథ అయ్యేది. కానీ ఎలర్జీ గురించి చదివాక నేను మా సందు చివర బ్యూటీ పార్లర్ ఆవిడ చేతుల్ని చూడటం మొదలుపెట్టాను. పదేళ్లుగా ఆవిడ మా వీధిలో సగంమందికి రంగు వేస్తోంది. వేళ్ల మధ్య చర్మం పగిలి, గోళ్ల చుట్టూ నల్లగా మాడి, అరచేతిలో పొరలు లేచి ఉంటుంది. మనం ఇంట్లో నెలకోసారి ముట్టుకునే రసాయనాన్ని ఆవిడ రోజుకి అయిదారుసార్లు ముట్టుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2010లో అచ్చేసిన నివేదికలో ఈ రెండింటినీ విడదీసి చూసింది. సొంతానికి రంగు వేసుకోవడం వల్ల క్యాన్సర్ వస్తుందో లేదో తేల్చడానికి ఆధారాలు చాలవంది. క్షౌర వృత్తిలో, హెయిర్ డ్రెస్సింగ్ పనిలో ఉన్నవాళ్లకి మాత్రం ఆ వృత్తి బహుశా క్యాన్సర్ కారకమని వర్గీకరించింది.

"గ్లవ్స్ ఏసుకోవా అక్కా?" అని అడిగితే నవ్వింది. "డబ్బాల ఒక జత వస్తది మేడం, పల్చగ, రెండో తలకే చినుగుతది. కొంటే నా జేబుల నుంచి. ఏసుకుంటే ఎంటికలు గుంజుతున్నయని కస్టమర్లు అంటరు." డాక్టరు ఈ పని మానెయ్యమన్నాడట. "మానేసి ఏం తినాలె?"

ఇన్నేళ్లూ మా ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లం 'ఎవరి కోసం' అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాం. భర్త కోసమా, లోకం కోసమా, తన కోసమా. 'ఎవరి చేతుల మీదుగా' అని ఒక్కసారీ అడగలేదు. మొదటి ప్రశ్న అడగడానికి మనకి హక్కు లేదు, ఒక స్త్రీ తన తల ఎలా ఉంచుకుంటుందో ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. రెండో ప్రశ్న మాత్రం అడక్క తప్పదు. నా ఇష్టం ఇంకొకరి చర్మం మీదుగా నడిచొస్తున్నప్పుడు అది నా ఒక్కదాని ఇష్టం కాదు. సౌందర్యం గురించి మనం రాసిన వ్యాసాల్లో అద్దంలో చూసుకునే స్త్రీ ఉంది. ఆమె వెనక బ్రష్ పట్టుకుని నిలబడ్డ స్త్రీ చాలా తక్కువగా ఉంది. నా సెమినార్ పేపర్లో కూడా లేదు.

మోండా మార్కెట్ నుంచి మందపాటి గ్లవ్స్ డబ్బా ఒకటి తెచ్చిచ్చాను. పోయిన నెల వెళ్తే సగం డబ్బా అలాగే ఉంది. నాతో ఉన్నంతసేపు వేసుకుంది, తర్వాత ఏమైందో తెలీదు. గ్లవ్స్ వేసుకున్న చేతులతోనే రంగు వెయ్యమని కుర్చీలో కూర్చున్న మనం అడగాలి. గుంజినా ఓర్చుకోవాలి. డబ్బాలో ఒక జత కాదు, సరిపడా పెట్టమని అమ్మేవాళ్లని అడగాలి. ఇవి చాలా చిన్న విషయాలని నాకు తెలుసు.

అమ్మకి ఇంకో నాలుగేళ్ల సర్వీసుంది. "రిటైరైనంక ఇడిచిపెడతనేమో, చూద్దాం" అంటుంది. ఇడిచిపెడుతుందో లేదో నేనడగను. రెండో శనివారం పొద్దున గ్లవ్స్ వేసుకుని పాపిట దగ్గర్నుంచి మొదలుపెట్టడం ఇప్పుడు నా పని. వెనకవైపు తనకి అందదు.